అపార్ట్‌మెంట్‌లో ట్యూబ్ యాంప్: కింది ఫ్లాట్‌కి వినపడకుండా వాయించడానికి లోడ్‌బాక్స్ పనికొస్తుందా?

పోయిన దసరా సేల్‌లో అందరూ ఫోన్లు కొంటుంటే నేను ఒక సెకండ్ హ్యాండ్ ట్యూబ్ యాంప్ కొన్నాను. ఆరెంజ్ కంపెనీ 2006లో తెచ్చిన టైనీ టెర్రర్. ముందు మూడే నాబ్‌లు: వాల్యూమ్, టోన్, గెయిన్. పవర్ 15 వాట్స్. "15 వాట్సే కదా, మా హాల్లో ఎల్‌ఈడీ బల్బు కూడా దాదాపు అంతే" అనుకున్నా. దానికి జతగా 12 అంగుళాల సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్ ఉన్న 16 ఓమ్స్ క్యాబినెట్ ఒకటి తీసుకున్నా.

మొదటి వారంలోనే బల్బుకీ యాంప్‌కీ తేడా తెలిసొచ్చింది. వాల్యూమ్ పావు వంతు తిప్పితే చాలు, కిటికీ అద్దాలు మోగుతున్నాయి. మాది మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. నాకు ఆఫీస్ కాల్స్ అయ్యేసరికి రాత్రి 8:30 దాటుతుంది. నాలుగో రోజు కింది ఫ్లాట్ అంకుల్ వచ్చి బెల్ కొట్టారు. రిటైర్డ్ లెక్చరర్ ఆయన. గొడవే అనుకుంటూ తలుపు తీశా. ఆయన మాత్రం మెల్లగా, "బాబూ, ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయ్యింది. మందులేసుకుని తొందరగా పడుకుంటోంది. నువ్వు బాగానే వాయిస్తున్నావు గానీ, రాత్రిపూట కాస్త చూసుకో నాన్నా" అని చెప్పి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పేవాడిని. అలా అడిగేసరికి ఇంకేం మాట్లాడతాం?

ఇక్కడ నాకు ఇంకో సమస్య ఉంది. మా కాలేజ్ బ్యాండ్‌లో నలుగురం ఇప్పుడు మూడు ఊళ్లలో ఉన్నాం. సొంత పాటలు నాలుగు ఎవరింట్లో వాళ్లం రికార్డ్ చేసి కలుపుదామని ప్లాన్. డ్రమ్స్, బేస్ వచ్చేశాయి. ఆగింది నా గిటార్ దగ్గరే. యాంప్ అమ్మేద్దామని గ్రూప్‌లో మెసేజ్ కూడా టైప్ చేశా. మా బేసిస్ట్ ఫోన్ చేసి, "అమ్మే ముందు లోడ్‌బాక్స్ ఒకటి ట్రై చెయ్ రా" అన్నాడు. ఆరు నెలలు వాడాక ఇప్పుడు రాస్తున్నా.

15 వాట్స్ అంటే అసలు ఎంత సౌండ్?

ముందు లెక్క చూద్దాం. వింటేజ్ 30 స్పీకర్ సెన్సిటివిటీ 100 డెసిబెల్స్. అంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో 100 డెసిబెల్స్ సౌండ్ వస్తుంది. పవర్ 10 రెట్లు పెరిగితే 10 డెసిబెల్స్ కలుస్తాయి. ఆ లెక్కన 15 వాట్స్‌కి దాదాపు 112 డెసిబెల్స్.

మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. మధ్యలో గోడలు, స్లాబ్ కొంత ఆపుతాయి నిజమే. కానీ సన్నని శబ్దాలు ఆగినంత తేలిగ్గా లావు శబ్దాలు ఆగవు. కింద అంకుల్‌కి వినిపించేది నా సోలో కాదు, ఒక గుమగుమ మోత. గోడలకి ఫోమ్ అంటిస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. ఆ ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది తప్ప శబ్దం పక్కింటికి పోకుండా ఆపదు. డబ్బులు వేస్ట్ చేసుకోకండి.

మరి వాల్యూమ్ తగ్గించుకోవచ్చు కదా? తగ్గించొచ్చు, కానీ అప్పుడు ట్యూబ్ యాంప్ కొన్న ప్రయోజనం సగం పోతుంది. యాంప్‌లో రెండు భాగాలుంటాయి. ముందు ప్రీయాంప్, తర్వాత పవర్ యాంప్. నా దాంట్లో పవర్ యాంప్‌కి రెండు ఈఎల్84 ట్యూబులు. గట్టిగా పని చెప్పినప్పుడే అవి సిగ్నల్‌ని కొంచెం నొక్కి, అంచులు గుండ్రంగా చేసి ఇస్తాయి. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా పలికే ఆ స్పందన వాల్యూమ్ బాగా తగ్గిస్తే రాదు.

ఈ తలనొప్పి కొత్తదేం కాదు. బోస్టన్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ షోల్జ్ ఎమ్‌ఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి పోలరాయిడ్‌లో ఉద్యోగం చేసినాయన. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ చాలా వరకు తన ఇంటి బేస్‌మెంట్‌లోనే రికార్డ్ చేశాడు. 1980లో సొంత కంపెనీ పెట్టి, యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్యలో కూర్చుని పవర్‌ని వేడిగా మార్చేసే పవర్ సోక్ అనే బాక్స్ అమ్మాడు. ఇప్పటి లోడ్‌బాక్స్‌లు ఆ దారిలో వచ్చినవే.

లోడ్‌బాక్స్ లోపల ఏం జరుగుతుంది?

సింపుల్‌గా చెప్పాలంటే, అది శబ్దం చేయని స్పీకర్. యాంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ని స్పీకర్‌కి బదులు దీనికి కలుపుతారు. యాంప్‌కి తన పవర్ అంతా తీసుకునే లోడ్ దొరికింది, ఫుల్‌గా పనిచేస్తుంది. ఆ పవర్‌ని బాక్స్ వేడిగా మార్చేస్తుంది. అందులోంచి చిన్న సిగ్నల్ ఒకటి తీసి లైన్ అవుట్‌కి ఇస్తుంది. ఆ సిగ్నల్‌ని హెడ్‌ఫోన్స్‌లో వినొచ్చు, కంప్యూటర్‌లో రికార్డ్ చేయొచ్చు.

దీనికి దగ్గరి చుట్టం అటెన్యుయేటర్. అది పవర్‌లో ఎక్కువ భాగం తినేసి, మిగతాది స్పీకర్‌కి పంపిస్తుంది. 20 డెసిబెల్స్ తగ్గిస్తే మన 15 వాట్స్ 0.15 వాట్స్ అవుతాయి. అంత తగ్గించినా 1 మీటర్ దగ్గర ఇంకా 92 డెసిబెల్స్ ఉంటాయి! మధ్యాహ్నం పూట ఓకే, రాత్రి 11కి కాదు. రాత్రి వాయించాలంటే స్పీకర్ పూర్తిగా ఆగాల్సిందే.

లోడ్‌బాక్స్‌లు రెండు రకాలు. మొదటిది రెసిస్టివ్: లోపల పెద్ద రెసిస్టర్లు, అంతే. రెండోది రియాక్టివ్: రెసిస్టర్లతో పాటు కాయిల్స్, కెపాసిటర్లు కూడా ఉంటాయి. బీటెక్ ఫస్ట్ ఇయర్ బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో మనం బోర్‌గా చేసిన ఆర్‌ఎల్‌సీ సర్క్యూటే. స్పీకర్ మీద 16 ఓమ్స్ అని రాసి ఉన్నా అది అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 16 కాదు. బేస్ వైపు స్పీకర్ రెజొనెన్స్ దగ్గర ఇంపీడెన్స్ ఒక్కసారిగా చాలా పైకి లేస్తుంది, మధ్యలో కిందికి దిగుతుంది, ట్రెబుల్ వైపు వాయిస్ కాయిల్ వల్ల మళ్లీ పెరుగుతూ పోతుంది. ట్యూబ్ యాంప్ ఆ ఎత్తుపల్లాలకి తగ్గట్టు ప్రవర్తిస్తుంది. రెసిస్టివ్ లోడ్‌లో ఆ ఎత్తుపల్లాలు ఉండవు కాబట్టి సౌండ్ కాస్త చప్పగా, చేతికి బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. రికార్డింగే మీ పని అయితే రియాక్టివ్ తీసుకోండి. తేడా చెవికంటే ముందు వేళ్లకి తెలుస్తుంది.

ఒక్క రూల్ మాత్రం మర్చిపోవద్దు

ట్యూబ్ యాంప్‌ని లోడ్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేసి వాయించకూడదు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు.

ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్‌లో కాలేజ్ ఫెస్ట్‌కి ఒక సీనియర్ దగ్గర ట్యూబ్ యాంప్ అడిగి తెచ్చాం. స్టేజ్ మీద హడావిడిలో స్పీకర్ కేబుల్ పెట్టడం మర్చిపోయా. మీటితే సౌండ్ లేదు. వాల్యూమ్ పెంచా. ఇంకా పెంచా. ఒక నిమిషంలో కాలిన వాసన. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. తప్పు పూర్తిగా నాదే. రిపేర్ ఖర్చు మూడు నెలల పాకెట్ మనీ.

కారణం ఏంటంటే, ట్రాన్స్‌ఫార్మర్ ఒక ఇండక్టర్. దానిలో కరెంట్ ఒక్కసారిగా మారితే వోల్టేజ్ పైకి ఎగురుతుంది. స్పీకర్ ఉంటే ఆ శక్తి అటు పోతుంది. లేకపోతే పోవడానికి దారి లేక వోల్టేజ్ వెయ్యి వోల్టులు దాటి ట్యూబ్ సాకెట్‌లోనో, వైండింగ్ మధ్యలోనో నిప్పు రవ్వలు తెప్పిస్తుంది. అందుకే "స్పీకర్ పీకేసి ఇంకేదైనా అవుట్‌పుట్ నుంచి రికార్డ్ చేస్తా" అనుకోవద్దు. మీ యాంప్ మాన్యువల్ అలా చేయొచ్చని స్పష్టంగా చెప్తే తప్ప. అలాగే యాంప్ స్పీకర్ అవుట్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లో పెట్టొద్దు. ఇంటర్‌ఫేస్ పోతుంది, యాంప్‌కి లోడ్ కూడా ఉండదు.

కొనేముందు చూడాల్సినవి

ఇంపీడెన్స్: యాంప్ వెనక 16 ఓమ్స్ జాక్ నుంచి కలిపితే బాక్స్ కూడా 16 ఓమ్స్ ఉండాలి. 8కి 8. టూ నోట్స్ కంపెనీ టార్పెడో కాప్టర్ 4, 8, 16 ఓమ్స్‌కి వేర్వేరు మోడల్స్‌గా వస్తుంది. సుర్ రియాక్టివ్ లోడ్ 8 ఓమ్స్ మాత్రమే. యూనివర్సల్ ఆడియో ఆక్స్‌లో మూడూ మార్చుకోవచ్చు. ముందు మీ యాంప్ వెనక ఏముందో ఫోటో తీసుకుని పెట్టుకోండి.

పవర్: 15 వాట్స్ అని కంపెనీ చెప్పేది క్లీన్ సౌండ్ లెక్క. యాంప్‌ని బాగా డిస్టార్ట్ చేస్తే సిగ్నల్ స్క్వేర్ వేవ్ వైపు పోతుంది, అప్పుడు పవర్ దాదాపు రెట్టింపు దాకా వెళ్లొచ్చు. కాబట్టి 50 వాట్స్ యాంప్‌కి 100 వాట్స్ బాక్స్ అనుకోండి. కాప్టర్, సుర్ రెండూ 100 వాట్స్‌వే. నా 15 వాట్స్‌కి ధారాళంగా సరిపోతాయి.

కేబుల్: యాంప్ నుంచి బాక్స్‌కి స్పీకర్ కేబుల్ మాత్రమే వాడాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ లోపల తీగ సన్నం. ఇద్దరికీ ఒకటే ప్లగ్ కాబట్టి చీకట్లో తారుమారు అవుతాయి. నేను స్పీకర్ కేబుల్‌కి రెండు చివర్లా ఎర్ర ఇన్సులేషన్ టేప్ చుట్టా.

క్యాబ్ సిమ్యులేషన్: కొన్ని బాక్స్‌లు వట్టి లోడ్ మాత్రమే. కొన్నింట్లో స్పీకర్, మైక్ నకలు కూడా లోపలే ఉంటుంది. నేను తీసుకున్న కాప్టర్ ఎక్స్ రెండో రకం. హెడ్‌ఫోన్ జాక్ ఉంది, ఫోన్ నుంచి బ్లూటూత్‌లో సెట్టింగ్స్ మార్చొచ్చు, కంప్యూటర్ ఆన్ చేయక్కర్లేదు. నా 16 ఓమ్స్ వెర్షన్‌కి దిగుమతి ఖర్చులతో కలిపి సెకండ్ హ్యాండ్ యాంప్‌కి పెట్టిన దానికంటే ఎక్కువే అయ్యింది. ఇంట్లో ఈ విషయం ఇంకా చెప్పలేదు.

ఐఆర్ లేకపోతే జోరీగే

లోడ్‌బాక్స్ లైన్ అవుట్‌ని నేరుగా వింటే చాలామంది భయపడిపోతారు. చెవి దగ్గర జోరీగ తిరుగుతున్నట్టు ఉంటుంది. బాక్స్ పాడైందనుకోకండి. గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లోని పదునంతా అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు స్పీకర్ లేదు కాబట్టి ఆ పదును మొత్తం మీ చెవిలోకే.

దీనికి మందు ఇంపల్స్ రెస్పాన్స్, అందరూ ఐఆర్ అంటారు. ఒక స్పీకర్, క్యాబినెట్, మైక్ కలిసి సౌండ్‌ని ఎలా మారుస్తాయో కొలిచి దాచిన చిన్న ఆడియో ఫైల్ అది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో కన్వల్యూషన్ ఎందుకు చదివామో నాకు ఇన్నేళ్లకి అర్థమైంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2048 శాంపిల్స్ అంటే 43 మిల్లీసెకన్లు కూడా ఉండదు, అయినా సౌండ్ మొత్తం మార్చేస్తుంది. సెలెస్టియన్ కంపెనీయే తన స్పీకర్ల ఐఆర్‌లు అమ్ముతుంది. బాక్స్‌లో ఆ సౌకర్యం లేకపోతే కంప్యూటర్‌లో ఇగ్నైట్ యాంప్స్ వాళ్ల నాడిర్ ప్లగిన్ ఫ్రీగా దొరుకుతుంది.

నా రాత్రి 10:30 సెటప్

గిటార్ నుంచి యాంప్. యాంప్ 16 ఓమ్స్ జాక్ నుంచి ఎర్ర టేప్ కేబుల్‌తో లోడ్‌బాక్స్. అక్కడి నుంచి ఇంటర్‌ఫేస్. ఇంటర్‌ఫేస్ నుంచి ల్యాప్‌టాప్‌లో రీపర్. అన్ని కేబుళ్లు పెట్టాకే పవర్ ఆన్. పీకాలంటే ముందు పవర్ ఆఫ్.

ఇంటర్‌ఫేస్‌లో లైన్ ఇన్‌పుట్ వాడండి. గిటార్ బొమ్మ ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ మోడ్ కాదు. గెయిన్ పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, గట్టిగా మీటినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకోండి. ఇంకా పెంచితే ఏ ఉపయోగం లేదు. డిస్టార్షన్ యాంప్‌లోంచి రావాలి, ఇంటర్‌ఫేస్‌లోంచి కాదు.

రికార్డ్ చేసేటప్పుడు నేను బాక్స్‌లో క్యాబ్ ఆఫ్ చేసి, రీపర్‌లో ఐఆర్ పెట్టి వింటా. తర్వాత మిక్స్‌లో గిటార్ మరీ పదునుగా ఉందనిపిస్తే, మళ్లీ వాయించక్కర్లేదు, ఐఆర్ మారిస్తే చాలు. మొదటి వారం రెండు చోట్లా క్యాబ్ ఆన్ చేసి, దుప్పటి కప్పుకుని వాయించినట్టు ఉందని రెండు రాత్రులు సెట్టింగ్స్ వెతికా. మీరు ఆ తప్పు చేయకండి.

ఇంకో మాట. ఇయర్‌బడ్స్ పెట్టుకుని వాయిద్దామనుకుంటే కుదరదు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఉంటుంది. తీగ మీటాక సౌండ్ ఎక్కడో వెనక వస్తుంది. 10 మిల్లీసెకన్లంటే యాంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడినట్టు, అది పర్లేదు. 150 అంటే 50 మీటర్ల దూరం. వైర్ ఉన్న హెడ్‌ఫోన్సే వాడండి.

నచ్చనివి కూడా చెప్పాలిగా

మొదటిది, ఫీడ్‌బ్యాక్ రాదు. స్పీకర్ ముందు నిలబడి నోట్ పట్టుకుంటే గాలి కదలికకి తీగ మళ్లీ మోగి నోట్ సాగుతూ పోతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ బంధం తెగిపోతుంది. మా రెండో పాట చివర్లో అలాంటి నోట్ ఒకటి కావాలి. అది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం స్పీకర్‌తోనే తీశా.

రెండోది, గదిలో యాంప్ విన్న అనుభవం ఇది కాదు. ఐఆర్‌లో వినేది స్పీకర్‌కి అంగుళాల దూరంలో పెట్టిన మైక్ విన్న సౌండ్. అలవాటు పడటానికి నాకు రెండు వారాలు పట్టింది.

మూడోది, పూర్తి నిశ్శబ్దం అనుకోవద్దు. గది ప్రశాంతంగా ఉంటే బాక్స్ లోపలి కాయిల్స్ నుంచి మీరు వాయించేదే సన్నగా వినిపిస్తుంది. మామూలే, కంగారు పడొద్దు. తలుపు దాటదు.

నాలుగోది, వేడి. యాంప్, బాక్స్ రెండూ వేడెక్కుతాయి. ఒకదాని మీద ఒకటి పెట్టకండి. చెవికి మెల్లగా వినిపిస్తున్నా యాంప్ లోపల ట్యూబులు ఫుల్ వాల్యూమ్‌లోనే అరుగుతున్నాయని గుర్తుంచుకోండి.

అసలు ఇది అవసరమా? ఒక చిన్న పరీక్ష

సాఫ్ట్‌వేర్‌వాడిని కాబట్టి ఈ అనుమానం రాక తప్పదు. న్యూరల్ యాంప్ మోడలర్ అని ఓపెన్ సోర్స్ ప్లగిన్ ఉంది. కొన్ని నిమిషాల టెస్ట్ ఆడియోని యాంప్ గుండా పంపి, లోడ్‌బాక్స్ నుంచి రికార్డ్ చేసి ఇస్తే, న్యూరల్ నెట్‌వర్క్ మీ యాంప్ నకలు తయారు చేస్తుంది. నా యాంప్‌ని అలా నకలు తీశా. ఒకే గిటార్ పార్ట్‌ని అసలు యాంప్‌తో ఒకసారి, నకలుతో ఒకసారి చేసి, అదే ఐఆర్ పెట్టి, వాల్యూమ్ సమానం చేసి, పేర్లు తీసేసి బ్యాండ్‌లో ముగ్గురికీ పంపా.

ఇద్దరు నకలే బాగుందన్నారు. ఒకడు తేడా తెలియట్లేదన్నాడు.

కొంచెం బాధేసింది, అబద్ధం ఎందుకు. వినేవాళ్లకి లోడ్‌బాక్స్ వల్ల కొత్తగా ఒరిగేది పెద్దగా లేదు. కానీ వాయించేది నేను. ఆఫీస్‌లో పది గంటలు స్క్రీన్ చూశాక మళ్లీ ప్లగిన్ విండో తెరవాలంటే చెయ్యి రాదు. యాంప్ స్విచ్ వేసి, ట్యూబులు వెచ్చబడే దాకా ఆగి, మూడు నాబ్‌లు తిప్పి వాయించడం వేరు. ప్లగిన్ ఉన్న రెండేళ్లలో నేను పూర్తి చేసిన పాటలు సున్నా. ఈ ఆరు నెలల్లో నాలుగింట్లో మూడు పాటల గిటార్ అయిపోయింది. కాబట్టి నా లెక్కలో లోడ్‌బాక్స్ కొంటే వచ్చేది కొత్త సౌండ్ కాదు. మీకు ఆల్రెడీ ఉన్న యాంప్‌ని, మీకు ఖాళీ దొరికే టైంలో వాడుకునే వీలు.

ఎవరు కొనాలి, ఎవరు వద్దు?

మీ దగ్గర ఇష్టపడి కొన్న ట్యూబ్ యాంప్ ఉండి, అది గదిలో బట్టలారేసే స్టాండ్‌లా మిగిలిపోతే, రియాక్టివ్ లోడ్‌బాక్స్ కొనండి. బడ్జెట్ తక్కువైతే క్యాబ్ సిమ్యులేషన్ లేని రియాక్టివ్ లోడ్ తీసుకుని, ఐఆర్ కంప్యూటర్‌లో ఫ్రీగా పెట్టుకోండి. మెల్లగా వాయిస్తూనే స్టేజ్ మీద కూడా వాడాలంటే లోపల 100 వాట్స్ పవర్ యాంప్ ఉన్న బాస్ వాజా ట్యూబ్ యాంప్ ఎక్స్‌పాండర్ లాంటివి చూడొచ్చు, ఖర్చు ఎక్కువ.

ట్యూబ్ యాంప్ లేకపోతే మాత్రం దీనికోసం యాంప్ కొనొద్దు. ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి 0.5 వాట్ మోడ్ ఉన్న బాస్ కటానా 50 లాంటి సాలిడ్ స్టేట్ యాంప్‌లో హెడ్‌ఫోన్ జాక్ చాలు. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ ఉంటే పైన చెప్పిన ఓపెన్ సోర్స్ ప్లగిన్‌కి పైసా ఖర్చు లేదు.

పోయిన నెల లిఫ్ట్‌లో అంకుల్ కనపడ్డారు. ఆంటీ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారట. మాటల్లో, "ఏం బాబూ, గిటార్ అమ్మేశావా? ఈ మధ్య వినపడట్లేదు" అన్నారు.

"లేదంకుల్, రోజూ వాయిస్తున్నా" అన్నా.

ఆయన నమ్మలేదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఇద్దరినీ పైకి పిలిచా. లోడ్‌బాక్స్ పక్కన పెట్టి, పవర్ ఆఫ్‌లో ఉండగానే ఎర్ర టేప్ కేబుల్ మళ్లీ క్యాబినెట్‌కి పెట్టి, వాల్యూమ్ కొంచెమే తిప్పి పది నిమిషాలు వాయించా. ఆంటీ సోఫాలో కూర్చుని మొత్తం విన్నారు. వెళ్తూ, "ఇంత సౌండ్ ఎక్కడ దాస్తున్నావ్ నాయనా రోజూ?" అని అడిగారు. బాక్స్ చూపించా.